కాలరు మీద ఏడు గుర్తులు

ఇలా జరిగి కూర్చో అమ్మడూ. ఈ బెంచీ మీద ఇద్దరికి చోటుంది, నా సంచీ కింద పెట్టేస్తాను. భయపడకు, నేను లెక్చరరును కాను, ఎవరికోసమో వచ్చి కూర్చున్న ముసలమ్మనూ కాను. నేనూ నీలాగే మొదటి సంవత్సరం. పేరు వరహాలమ్మ, వయసు డెబ్బై రెండు. క్లాసు మొదలవడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. వరండాలో ఏడుగురు లెక్చరర్లు నిలబడి ఉన్నారు చూడు, వాళ్ళలో ముందు ఎవరు లోపలికి రావాలన్నది తేలాలి. మొన్న అది తేలేసరికి గంట కొట్టేశారు. అందుకని చెవి ఇటు పెట్టు, నేను ఈ బెంచీ దాకా ఎలా వచ్చానో చెబుతాను. నవ్వొస్తే నవ్వుకో. నన్ను చూసే నవ్వు. ఈ కథలో అందరికన్నా తెలివితక్కువది నేనే.

మేం బట్టలు ఉతికేవాళ్ళం. కాలువ రేవులో మూడో బండ మాది. మా అత్తగారి కాలం నుంచీ ఈ కాలేజీ బట్టలన్నీ మావే. రసాయనం, భౌతికం, మొక్కల శాస్త్రం, జంతువుల శాస్త్రం వాళ్ళ తెల్లకోటులు, చరిత్ర వాళ్ళ బల్లగుడ్డలు, వాణిజ్యం వాళ్ళ కిటికీ తెరలు, తెలుగు వాళ్ళ సన్మానం శాలువాలు. నేను రెండో తరగతి మధ్యలో బడి మానేశాను. పేరు రాయగలను, అదీ మెల్లిగా. కానీ మా పనికి చదువుతో పనిలేదు, గుర్తు ఉంటే చాలు. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో కాలరు లోపల గుర్తు పెట్టి, పైన కాస్త సున్నం రాస్తాం. ఇక అది చెరగదు. బట్ట చిరిగిపోవచ్చుగానీ గుర్తు పోదు. రసాయనానికి రెండు చుక్కలు. జంతువులకి నాలుగు చుక్కలు. మొక్కలకి కొమ్మలాగా మూడు గీతలు. ఒక బట్టకి ఒక గుర్తు, ఒక గుర్తుకి ఒక ఇల్లు. యాభై ఏళ్ళలో ఒక్క జేబురుమాలు కూడా నా చేతిలో తప్పిపోలేదు. ఈ మాట నేను రోజుకి మూడుసార్లు చెప్పుకునేదాన్ని. ఆ గొప్పే నన్ను ముంచింది.

నాలుగేళ్ళ కిందట కాలేజీలో పెద్ద సభ జరిగింది. వేదిక మీద బల్లగుడ్డ పరవడానికి వెళ్ళి, నేను తెర పక్కనే ఆగిపోయాను. ప్రిన్సిపాల్ విశ్వపతిరావుగారు మైకు ముందు నిలబడి, "నేటి నుండి ఈ కళాశాల యందు శాస్త్రముల నడుమ గోడలు కూలినవి. సర్వశాస్త్ర సమ్మేళన పట్టా ప్రారంభమగుచున్నది. ఇకపై విద్యార్థి ఏ ఒక్క శాఖకూ చెందడు. సమస్త శాఖలూ విద్యార్థికి చెందును" అన్నారు. నాకు సగం అర్థం కాలేదు. అర్థం కానిదంతా గొప్పదే అనుకునే మనిషిని నేను. చేతిలో బల్లగుడ్డతోనే చప్పట్లు కొట్టాను.

ఒక గోడ నిజంగానే కూల్చారు కూడా. రసాయనం గదికీ తెలుగు గదికీ మధ్యనున్నది. అప్పటినుంచి తెలుగు మాస్టారు పద్యం చదివితే పాదానికో దగ్గు వచ్చేది. పిల్లలు ఆ దగ్గుతో సహా అప్పజెప్పేవారు.

నాకు ఒక మనవరాలుంది, హేమదుర్గ. దాని అమ్మా నాన్నా ఇటుకల బట్టీ పనికి వెళితే నా దగ్గరే పెరిగింది. అప్పుడే ఇంటరు పాసైంది. దానికి మొక్కలంటే ప్రాణం. రేవు గట్టున మొలిచే ప్రతి గడ్డిపోచకీ దానికి పేరు తెలుసు.

"నేను మొక్కల శాస్త్రం తీసుకుంటాను మామ్మా" అంది.

"ఒక్కటేంటే పిచ్చిదానా. బంతిలో కూర్చున్నాక ఒక్క పప్పే తిని లేచిపోతారా ఎవరైనా? అక్కడ ఏడూ ఒకేసారి వడ్డిస్తున్నారంట."

"ఏడూ కలిపి ముద్ద చేస్తే ఏం తింటున్నామో తెలీదు మామ్మా."

"ప్రిన్సిపాల్‌గారికి తెలీని రుచి నీకు తెలిసిందా. నోరు మూసుకుని దరకాస్తు మీద పేరు రాయి."

రాసింది పాపం. నా మాట జవదాటే పిల్ల కాదు. ఇక్కడ ఒక గీత గీసుకో అమ్మడూ, నా మొదటి తప్పు ఇది.

కొత్త చదువు పిల్లలకి కోటులు వచ్చాయి. అన్ని ప్రయోగశాలల్లోకీ వాళ్ళు వెళ్ళాలి కదా. మూట విప్పి గుర్తు పెట్టబోయి ఆగిపోయాను. ఏ ఇంటి గుర్తు పెట్టను? ఆఫీసు సూపరింటెండెంటు గంగాధరంగారిని అడిగాను. ఆయన కాగితం లేకుండా కాఫీ కూడా తాగని మనిషి.

"నియమావళిలో లేదు. లేనిదాని గురించి అడగడం కూడా నియమావళిలో లేదు" అని నన్ను ప్రిన్సిపాల్‌గారి గదిలోకి తీసుకువెళ్ళారు.

"ఏమ్మా వరహాలమ్మా, నువ్వైతే ఏం చేస్తావు?" అని ప్రిన్సిపాల్‌గారు అడిగారు.

యాభై ఏళ్ళలో ఆ గదిలో నన్ను తెర ఎప్పుడు ఉతుకుతావనే అడిగారుగాని, ఏం చేద్దామని ఎవరూ అడగలేదు. నా తల తిరిగిపోయింది. మా రేవులో అయితే రెండు గుర్తులున్న బట్టను మూటలోకే రానివ్వం, అది తగువుల బట్ట. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా, "ఏడిళ్ళదీ అయినప్పుడు ఏడు గుర్తులూ పెట్టేద్దామండి" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గంగాధరంగారూ, రాసుకోండి. ఇది బట్టల విషయం కాదు. ఇది ఒక దర్శనము. కోటు మీదనే ఏల, ఈ పట్టాకు సంబంధించిన ప్రతి పత్రము మీదను సప్తశాఖల చిహ్నములు ఉండవలెను."

అలా సమన్వయ చిహ్న సంఘం పుట్టింది. నన్ను అందులో సభ్యురాలిని చేశారు. అప్పటిదాకా నువ్వు అన్నవాళ్ళందరూ మీరు అన్నారు. నాకు శాలువా కప్పారు. ముందురోజు నేను ఉతికి ఇచ్చిన శాలువాయే, దాని చివర జీడి గుర్తు నాకు కనబడుతూనే ఉంది. అయినా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

సంఘంలో నన్ను రెండే ప్రశ్నలు అడిగారు.

"ఏడింటిలో ఒక గుర్తు లోపించినచో?" అన్నారు గంగాధరంగారు.

"ఒక్కటి తగ్గినా అది ఆ ఇంటి బట్ట కాదండి" అన్నాను. నాలుగో నియమం అని రాసుకున్నారు.

"ఏదైనా పోయినచో బాధ్యులెవరు?"

"మా రేవులో అయితే, మూట ముందు ఎవరు విప్పితే వాళ్ళదేనండి." అది అయిదో నియమం అయింది. మొదటి గడిలో ఎవరు సంతకం చేస్తే ఆ విద్యార్థికి సంపూర్ణ బాధ్యులు వారే. నియమావళి అచ్చయ్యాక ఒక కాపీ తెచ్చుకుని, చదవలేకపోయినా, దేవుడి పటం పక్కన పెట్టుకున్నాను.

తర్వాతి సోమవారం హేమదుర్గ కోటుకి ఏడు గుర్తులు పెట్టి పంపాను. మూటలు లెక్క చూసుకునేటప్పుడు రసాయనం వాళ్ళు రెండు చుక్కలు చూసి మాది అని బీరువాలో పెట్టి తాళం వేశారు. భౌతికం వాళ్ళు వచ్చి తమ నిలువుగీత చూపించి మాది అన్నారు. ఎప్పుడూ కోటు తొడగని వాణిజ్యం వాళ్ళు కూడా, గుర్తు ఉంది కాబట్టి తమ వాటా కోటు తమకి రావాలని కాగితం పెట్టారు. ఆ లాగులాటలో, మా పిల్లకి మొక్కల ప్రయోగం ఉన్నరోజు కోటు చరిత్ర గదిలో ఉండేది. చరిత్ర పాఠం ఉన్నరోజు జంతువుల గదిలో ఉండేది. కోటు లేనిదే లోపలికి రానివ్వరు. మూడు నెలలు అది గుమ్మాల దగ్గర నిలబడి చదువుకుంది.

నేను సంఘంలో మనవి చేసుకున్నాను. విద్యార్థికి ఏడు కోటులు ఇవ్వాలని తీర్మానించారు. నాలుగో నియమం ప్రకారం ఏడింటి మీదా ఏడేసి గుర్తులు. ఏడు శాఖలూ తలా ఒకటి తీసుకుని తాళం వేసుకున్నాయి. పిల్లకి మళ్ళీ ఏదీ మిగల్లేదు. ఆ సంవత్సరపు నివేదికలో మాత్రం, తలసరి కోటుల్లో మన కళాశాలే ముందుందని రాశారు. అది వింటే నాకు గర్వంగానే అనిపించింది, ఎందుకు దాచాలి.

పరీక్షలొచ్చాయి. ప్రశ్నాపత్రం మీద కూడా ఏడు శాఖలూ ఒప్పుకోవాలి. నెల రోజులు కూర్చుని ఏడుగురూ ఒప్పుకున్న ప్రశ్న ఒక్కటే తేలింది: నీరు అనగానేమి? మా హేమదుర్గ ముప్ఫై పేజీలు రాసింది. రసాయనం మాస్టారు, ఇందులో చరిత్ర చాలా బాగుంది, రసాయనమే లేదు అన్నారు. చరిత్ర మాస్టారు, రసాయనం అమోఘం, చరిత్రే కరువైంది అన్నారు. తెలుగు మాస్టారు దగ్గుతూ, వాణిజ్య దృక్పథం మెచ్చుకోదగినది అన్నారు. ఎవరికి వాళ్ళు ఎదుటివాళ్ళ శాస్త్రంలో పాసు చేశారు. అలా గట్టెక్కింది.

మూడో సంవత్సరంలో పైనుంచి తనిఖీ సంఘం దిగింది. ఈ పట్టా వల్ల విద్యార్థికి కలిగే లాభమేమిటో తేల్చడానికి వచ్చారు. నేను కొత్త శాలువాతో మూడో కుర్చీలో కూర్చున్నాను. సంఘాధ్యక్షులు హేమదుర్గను నిలబెట్టారు.

"ఈ విద్య వలన నీకు ఒనగూరిన ప్రయోజనములేవి?"

అది నిజం తప్ప చెప్పదు. "ఏ గదిలో ఉండాలో తెలీకపోయినా ఎవరినీ అడక్కుండా ఉండటం అలవాటైందండి" అంది.

అధ్యక్షులవారు పక్కాయనతో, "స్వావలంబన, రాయండి" అన్నారు.

"ఏడుగురు ఏడు మాటలు చెబితే, అన్నిటికీ ఒకేలాగ తలూపడం వచ్చిందండి."

"సమన్వయ నైపుణ్యము."

"గుమ్మం దగ్గర నిలబడి వింటే ఎంత వినపడుతుందో అంతే రాసుకోవడం వచ్చిందండి."

"సంక్షిప్తీకరణ సామర్థ్యము" అని ఆయన తృప్తిగా తల పంకించారు. చివర్న, "ఈమె ఏ శాఖ విద్యార్థిని?" అని అడిగారు. ఏడుగురు శాఖాధిపతులూ ఒక్కసారే లేచి, మా విద్యార్థిని అన్నారు. నేను కళ్ళు తుడుచుకుంటూ చూశాను. రాజకుమార్తెకి ఏడుగురు మేనమామలు లేచి నిలబడినట్టుంది. కాలేజీకి మంచి గ్రేడు ఇచ్చి వెళ్ళారు.

చదువు అయిపోయింది. పక్క ఊరి విత్తనాల పరీక్షా కేంద్రంలో సహాయకురాలి ఉద్యోగం పడింది. మా పిల్లకి అచ్చంగా కావలసిన పని. రాతపరీక్షలో నెగ్గింది. సోమవారం పది గంటలకి పట్టా పట్టుకుని రమ్మన్నారు, లేకపోతే తర్వాతి పేరుకి పోతుందన్నారు. గురువారం పొద్దున పట్టా కాగితం మీద ఏడు సంతకాల కోసం బయల్దేరింది.

రసాయనం మాస్టారు, "మా అమ్మాయివే, నాకేం అభ్యంతరం లేదు. మిగతా ఆరుగురూ పెట్టాక పట్టుకురా, చివర్న నేను పెడతాను" అన్నారు. భౌతికం మాస్టారూ అదే అన్నారు. చరిత్ర మాస్టారు, పెద్దవాళ్ళు చివర్న పెట్టడమే చరిత్రలో ఉంది అన్నారు. ముందు పెట్టినవాళ్ళదే సంపూర్ణ బాధ్యత కదా, అయిదో నియమం. మొక్కల మేడంగారొక్కరు దాన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. "నువ్వు ఒక్క మా శాఖలోనే చేరి ఉంటే ఈపాటికి పట్టా చేతిలో ఉండేది దుర్గా" అన్నారట. ఆవిడ కూడా పెట్టలేదు.

శుక్రవారం మళ్ళీ తిరిగింది. సాయంత్రం రేవుకి వచ్చి, ఆరిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"కోటునైతే ఏడుగురూ లాక్కున్నారు మామ్మా. నన్ను ఒక్కరూ తీసుకోవడంలేదు. నేను ఎవరి దాన్ని?"

అమ్మడూ, నా గుండె ఆ బండ మీదే పగిలింది. ఆ రెండు నియమాలూ నా నోట్లోంచి ఊడిపడ్డవే. జీడి గుర్తు ఎలాంటిదో నాకన్నా ఎవరికి తెలుసు. పెట్టేముందే ఆలోచించాలి, పెట్టాక చెరగదు.

శనివారం పొద్దున్నే హేమదుర్గను వెంటబెట్టుకుని, పట్టా కాగితంతో ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్ళాను. శాలువా కప్పుకోలేదు. గంగాధరంగారూ అక్కడే ఉన్నారు.

"తప్పు చేశానండి. ఏడు గుర్తుల మాట వెనక్కి తీసేసుకోండి" అన్నాను.

"తీసుకొనుట అసాధ్యము. దానికి పై సంఘం ప్రశంస లభించియున్నది. ప్రశంసించబడిన తప్పు విధానమగును" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. ఆయన చెడ్డవారు కాదు, మాట మధ్యలో నాకు కుర్చీ కూడా చూపించారు.

"పోనీ ఇది వినండి. మా రేవులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరూ మాది అనని బట్టని మూడు ఉతుకుల దాకా దండెం మీద ఉంచుతాం. అప్పటికీ ఎవరూ అడక్కపోతే అది రేవుది. నా పిల్ల మూడేళ్ళు దండెం మీద ఉంది. దాన్ని రేవుకి ఇచ్చేయండి. మొదటి సంతకం నేను పెడతాను."

గంగాధరంగారు కాగితాలు తిప్పారు. "రేవు ఏ శాఖ కిందికి వస్తుందండీ?"

"ఏ శాఖా లేదండి. రేవు రేవే."

"శాఖ కానిచోటి సంతకం చెల్లదండి వరహాలమ్మగారూ."

"అయినచో శాఖ చేయుదము" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. ఆయన మొహం వెలిగిపోయింది. "వస్త్ర ప్రక్షాళన శాస్త్ర శాఖ. ఇటువంటిది చుట్టుపక్కల ఏ కళాశాలయందును లేదు. తాత్కాలిక శాఖాధిపతి మీరే."

గంగాధరంగారు గొంతు తగ్గించి, "మొదటి గడిలో పెడితే సంపూర్ణ బాధ్యత మీదవుతుంది, ఆలోచించుకోండి" అన్నారు.

"ముడి వేసింది నేనేనండి. మూట నేనే విప్పాలి."

రెండో తరగతి అక్షరాలు. ఒక్కొక్కటీ బూడిదగుమ్మడికాయంత. వ రాశాను, ర రాశాను, హా దగ్గర కాస్త ఆగాను. ఈ కబురు ఎలా పాకిందో, ఏడుగురు శాఖాధిపతులూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను అమ్మ దాకా వచ్చి కలం కింద పెట్టగానే బంతిలో ఆకులకోసం తోసుకున్నట్టు తోసుకుంటూ వచ్చి, ఏడు సంతకాలూ రెండు నిమిషాల్లో పెట్టేశారు. మొక్కల మేడంగారు మాత్రం నా చెయ్యి పట్టుకుని, తలదించుకుని వెళ్ళిపోయారు.

అక్కడే అచ్చు వేసి ఇచ్చారు. హేమదుర్గ పైకి చదివింది. "ప్రధాన శాస్త్రం: వస్త్ర ప్రక్షాళనం."

అంటే ఏంటే అని అడిగాను.

"బట్టలుతకడం మామ్మా."

దాన్ని రేవు నుంచి బయట పడెయ్యాలని కదా నేను చదివించింది. మూడేళ్ళు, ఏడు శాస్త్రాలు తిప్పి, తిన్నగా మూడో బండ దగ్గరికే తెచ్చి దించాను. నేను మొహం దాచుకుంటుంటే, అది పకపకా నవ్వింది. మూడేళ్ళలో అంత నవ్వు నేను చూడలేదు.

సోమవారం విత్తనాల కేంద్రంలో పెద్దాఫీసరు పట్టాను అటూ ఇటూ తిప్పి చూశారట. "ఏ శాస్త్రమైనా సరే అని ప్రకటనలో రాసింది మేమే. ఇది ఒకటి ఉందని మాకు తెలీదు" అని, కలగలిపిన విత్తనాలు ఒక పళ్ళెం నిండా పోసి ముందు పెట్టారట. మా పిల్ల కూర్చుని, గడియారం చూసుకునేలోగా పదకొండు రకాలుగా వేరుచేసి, పురుగు పట్టినవి పక్కన పెట్టిందట.

"ఇంత తొందరగా వేరుచెయ్యడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"నా ప్రధాన శాస్త్రంలోనండి" అందట.

ఉద్యోగం వచ్చింది. నేను ఊరంతా చెప్పుకున్నాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, కొమ్మల గుర్తు ఒక గుట్ట, చుక్కల గుర్తు ఒక గుట్ట అని మూటలు వేరుచెయ్యడం దానికి ఆరో ఏటే వచ్చు. నా పక్కన కూర్చుని నేర్చుకుంది. ఇంట్లో ఉన్నదాన్ని కాగితం మీదికి తెచ్చుకోవడానికి మూడేళ్ళు పట్టింది. లాభం ఏమిటని మళ్ళీ ఏ సంఘమైనా అడిగితే ఆ మాట చెప్పాలి. ఏదో ఒక సామర్థ్యము అని రాసుకుంటారు.

అక్కడితో ఆగితే బాగుండేది. మొన్న ఎండాకాలంలో గంగాధరంగారు కాగితం తెచ్చారు. సంపూర్ణ బాధ్యత వహించిన శాఖాధిపతికి పట్టా ఉండాలట. లేనిచో ఆ శాఖ చెల్లదు, శాఖ చెల్లనిచో ఆ శాఖ ఇచ్చిన పట్టా చెల్లదు. అంటే మా పిల్ల ఉద్యోగం పోతుంది. నేను పట్టా చదవాలంటే నాకు ఇంటరు కూడా లేదు కదండీ అన్నాను. "యాభై ఏళ్ళ అనుభవమును ఇంటర్మీడియట్‌గా పరిగణించడమైనది" అని రెండో కాగితం తీశారు. ఆయన అన్నీ రాసుకునే వచ్చారు.

అందుకే ఈ బెంచీ మీద ఉన్నాను. మూడేళ్ళు చదవాలి, పాసవ్వాలి, మొదటి గడిలో సంతకం పెట్టే శాఖాధిపతిని నేనే కాబట్టి ఆ చివరి చిక్కు మాత్రం లేదు. ఈసారి నోరు తెరిచి ఏ సంఘంలోనూ సలహా చెప్పను. నిన్న ప్రిన్సిపాల్‌గారు పిలిచి, ఎనిమిది శాఖలైనాయి కదా, నియమావళి ఎలా మార్చుదామంటారని అడిగితే, నాకు దగ్గు వచ్చిందని చెప్పి బయటపడ్డాను. మా క్లాసు తెలుగు మాస్టారి గది పక్కనేగా, నమ్మారు.

అదుగో, ఏడుగురిలో ఒకాయన గుమ్మంలోకి కాలు పెట్టారు. లేదులే, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. అయినా నేను తొందరగా ముగిస్తాను.

నా కోటు నేనే కుట్టించుకుని, కాలరు లోపల నేనే గుర్తులు పెట్టుకున్నాను. ఎనిమిది. రెండు చుక్కలు, నిలువుగీత, కొమ్మ, నాలుగు చుక్కలు, అడ్డగీత, కత్తెర, సున్నా, చివర్న మా రేవుది ఒక చిన్న అల. మొదటి వారం మూటలో వేశాను. మళ్ళీ కనపడలేదు. యాభై ఏళ్ళలో ఊరివాళ్ళ జేబురుమాలు పోనివ్వనిదాన్ని, నా కోటే పోగొట్టుకున్నాను.

నీ కళ్ళు చురుగ్గా ఉన్నాయి, అందుకే నిన్ను పిలిచాను. ఏ బీరువాలోనైనా ఎనిమిది గుర్తుల కోటు కనబడితే, అది వరహాలమ్మదని గట్టిగా చెప్పు. దొరక్కపోయినా ఈ మాట మాత్రం పోనివ్వకు. వచ్చే ఏడాది నీ పక్కన కొత్త పిల్ల కూర్చుంటుంది, దానికి చెప్పు. ఆ పిల్ల ఇంకొకరికి చెప్పాలని కూడా చెప్పు. గుర్తుంచుకోవడానికి పెద్ద కష్టమేమీ లేదు. నీ కాలరు ఒకసారి తిప్పి చూసుకుంటే చాలు.